నొప్పికి వేసిన అంకె

జనవరి 12

వదినకు,

నేను బాగానే ఉన్నాను, నువ్వు బాగాలేవని నాకు తెలుసు. కాబట్టి క్షేమసమాచారాల పని అయిపోయింది.

పొద్దున ల్యాబు గుమ్మం దగ్గరే మా ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారు. సాయంత్రం నేను బయటపడేసరికి నువ్వు మాత్ర వేసుకుని పడుకుని ఉంటావు. అందుకే ఈ ఉత్తరం. పైగా వేళ్లు బిగుసుకుపోకుండా రోజుకో పేజీ రాయమని ఫిజియో ఆవిడ నీకు చెప్పిందని అన్నయ్య అన్నాడు. ఎవరికో ఎందుకు, నాకే రాయి.

కబురేమిటంటే, మా మందును రోగుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చింది. ఆరేళ్లు పట్టింది వదినా. నీ కీళ్లవాతంలో నొప్పి ఏళ్లు గడిచినా వదలదు చూడు, అలాంటి నొప్పి కోసమే ఇది. పెప్టైడు అంటే ఏమిటని అన్నయ్య అడిగితే చెప్పలేక నీళ్లు నమిలాను. నీకు చెప్తాను విను. మన ఒంట్లో మాంసకృత్తులు ఉంటాయి కదా, అవి చిన్న చిన్న ముక్కలతో తయారవుతాయి. ఆ ముక్కల్ని కొన్నింటిని ఒకదాని వెనక ఒకటి కలిపితే వచ్చే చిన్న గొలుసు పెప్టైడు. మాది పదకొండు ముక్కల గొలుసు. దాన్ని అలాగే ఒంట్లోకి పంపిస్తే రక్తం రెండు కొసల నుంచీ కొరికేస్తుంది, పది నిమిషాల్లో ఏమీ మిగలదు. అందుకని రెండు కొసలూ కలిపి ఉంగరంలా మూసేశాం. ఎక్కడ మూయాలో తేలక ఇరవై రెండు సార్లు తప్పాం, ఇరవై మూడోది నిలబడింది. ఆరబెట్టి తీస్తే తెల్లటి పొడి, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత తేలిక. రోజుకు పదిసార్లు దాన్ని చూసుకుంటాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటావని తెలుసు.

ఇది వాపు తగ్గించే మందు కాదు. వాచిన కీలు దగ్గర్నుంచి నరం మోసుకెళ్లే నొప్పి కబురును మధ్యలో ఆపే మందు. మత్తు లేదు, అలవాటు పడడం లేదు. చిక్కల్లా ఒకటే. నొప్పిని కొలిచే మిషను ఎవరి దగ్గరా లేదు. రోగి ఒక పుస్తకంలో రోజూ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేస్తుంది. ఆ అంకె తప్ప మాకు వేరే కన్ను లేదు.

మూడు ఆసుపత్రుల్లో అరవై మంది మీద పన్నెండు వారాలు చేస్తారు. అందులో ఒకటి మీ ఊరి పెద్దాసుపత్రి. నువ్వు ఆశపడకు. మా కంపెనీలో పనిచేసేవాళ్ల బంధువులు చేరకూడదని రూలు ఉంది, రెండుసార్లు చదివి చూశాను. మందు బయటికొచ్చిన రోజున మొదటి సీసా నీకే.

మా పెద్దాయన, అదే మీసాలాయన, నిన్న అందర్నీ నిలబెట్టి చెప్పాడు. అంకెలు దిగితే సరే, దిగకపోతే మా సెక్షను మూసేస్తారు. ఇరవై ఒక్క మందిమి ఇంటిదారి పట్టాలి. ఇది అన్నయ్యతో అనకు. బస్సులో టిక్కెట్లు కొడుతూ ఊరంతటికీ పంచిపెడతాడు.

నీ
పిచ్చుక


జనవరి 25

పిచ్చుకా,

ఈ పేజీకి మూడు రోజులు పట్టింది. కోడి కెలికినట్టుందని నవ్వకు. నీ చిన్నప్పటి రాత ఇంతకంటే ఘోరంగా ఉండేది.

నా సంగతి అడగలేదు గానీ చెప్తాను. పొద్దున లేచాక రెండు గంటలపాటు ఈ వేళ్లు నావి కావు. మీ అన్నయ్యే తల దువ్వుతాడు. జడ వెయ్యమంటే తాడు పేనినట్టు పేనుతాడు. మిషను మీద తిన్నగా పోయే కుట్లు వేస్తున్నాను గానీ కాజాలు ఇంక నా వల్ల కావడం లేదు. కత్తెర పిడికి మెత్తటి గుడ్డ చుట్టాను. నర్సింగు స్కూలు వాళ్ల కోట్లు నలభై వచ్చాయి, కాజాలన్నీ వెనకవీధి ఆవిడతో కుట్టించి పంపాను. నేను కుట్టిన కాజా ఇరవై ఏళ్లలో ఒక్కటి ఊడిందా చెప్పు. ఆ కోట్లు మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి కూడా ఈ చేతులే కావాలని మానేశాను.

ఇప్పుడు తిట్టుకోకుండా చదువు. నేను ఆ పరీక్షలో చేరిపోయాను. కాగితంలో ఒక గడి ఉంది, ఈ కంపెనీలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా అని. లేరు అని టిక్కు పెట్టాను. ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు గానీ బంధువని ఎవరూ అనలేదు. నీకు పదకొండేళ్లప్పుడు ఈ ఇంటికొచ్చాను. అప్పటికే మీ అమ్మ లేదు. నీ తలలో పేలు ఏరాను, నువ్వు పొడుగైనప్పుడల్లా నీ గౌన్ల అంచులు విప్పి దించాను. అలాంటిది, నువ్వు ఆరేళ్లు కూర్చుని చేసిన మందు మా ఊరికొస్తే నన్ను గుమ్మం బయట నిలబడమంటావా.

నా నంబరు పద్నాలుగు. ప్రతి మంగళవారం పొద్దున రెండో అంతస్తు వరండాలో బెంచీల మీద కూర్చుంటాం. మా ఆసుపత్రిలో పద్దెనిమిది మందిమి. హాస్టల్లో వంట చేసే ఆవిడ ఉంది, ఇస్త్రీ ఆవిడ ఉంది. తొమ్మిదో నంబరు మాస్టారమ్మ. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైంది. మోకాళ్లు, తుంటి బిగుసుకుపోయి చక్రాల కుర్చీలో వస్తుంది, అల్లుడు తోసుకొస్తాడు. ఆవిడ నోటికి జడిసి నర్సు కూడా గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

సెక్షను మూస్తారని బెంగపెట్టుకోకు. వేళకు తిను. నీ సంగతి నేను చూసుకుంటాను.

మీ వదిన


ఫిబ్రవరి 4

వదినా,

నీ ఉత్తరం అందింది. ఇది నువ్వు అనుకున్నంత చిన్న విషయం కాదు. నేను ఇవాళే మీసాలాయనకు చెప్పాలి. చెప్తే నిన్ను తీసేస్తారు. ఆయన గది తలుపు దాకా వెళ్లాను. కత్తెరకు గుడ్డ చుట్టానని రాశావే, ఆ మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను. రోట్లో తల పెట్టాను, ఇంక రోకటి పోటుకు వెరవకూడదు.

నువ్వు చేరావు కాబట్టి తెలుసుకో. అరవై మందిలో సగం మందికి మందు పడుతుంది, సగం మందికి ఉప్పునీళ్లు. సీసాలు ఒకేలా ఉంటాయి. ఎవరికేది పడిందో నర్సుకు తెలీదు, డాక్టరుకు తెలీదు, నాకూ తెలీదు. ఆఖర్న కాగితాలు విప్పి, ఈ గుంపుకీ ఆ గుంపుకీ ఎంత తేడా వచ్చిందో చూస్తారు. నీకు మందే పడాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నేనెవరో అక్కడ ఎవరికీ చెప్పకు. మరీ ఓర్చుకోలేకపోతే వేసుకోమని నొప్పి మాత్రల అట్ట ఇస్తారు, ఎన్ని వేసుకున్నదీ పుస్తకంలో రాయి. రోజూ అంకె వెయ్యి. అంకెలు దిగాలి వదినా. అవి దిగితే చాలు, నాకింకేం వద్దు.

పిచ్చుక


ఫిబ్రవరి 22

పిచ్చుకా,

నాలుగు సూదులు అయ్యాయి. బొడ్డుకి బెత్తెడు పక్కన వేస్తారు. పొద్దస్తమానం సూదులతో బతికేదాన్ని, ఆ సూది నాకొక లెక్కా.

ఎనిమిదితో మొదలెట్టాను, ఇప్పుడు ఐదు. నువ్వు దిగాలన్నావు, దిగుతోంది. వంటావిడకీ దిగింది, ఇస్త్రీ ఆవిడకీ దిగింది. నువ్వు చెప్పినట్టే అందరం బుద్ధిగా పుస్తకాలు రాస్తున్నాం.

ఈ మధ్య మీ అన్నయ్య బస్సులో ఎవరో కట్టుడు పళ్లు మర్చిపోయారు. నాలుగు రోజులుగా డిపో బల్ల మీద ఉన్నాయట, వచ్చినవాళ్లందర్నీ చూసి నవ్వుతున్నాయట. పళ్లు లేకుండా ఆ మనిషి ఎలా తింటున్నాడో అని మీ అన్నయ్యకి ఒకటే దిగులు. నా గురించి ఆయన ఇంతగా దిగులు పడడం చూడలేదు.

రాత మరీ వంకరగా ఉందనుకుంటావేమో. కలం మారింది, అంతే.

మీ వదిన


మార్చి 9

వదినా,

ఐదు అన్న అంకెను ఎన్నిసార్లు చూసుకున్నానో. నాలుగు వారాల్లో ఎనిమిది నుంచి ఐదు. నీకు మందే పడింది, నాకు అనుమానం లేదు. ఇక్కడ ఎవరితోనూ అనలేను. కడుపు నిండా సంతోషం పెట్టుకుని మూతి బిగించుకుని తిరుగుతున్నాను.

ఆదివారం అన్నయ్య ఫోను చేశాడు. నువ్వు మిషను మీద గుడ్డ కప్పేశావనీ, వంటింట్లో కుళాయి ధారగా వదిలి అక్కడే నిలబడుతున్నావనీ, ఏమన్నా అడిగితే కసురుతున్నావనీ చెప్పాడు. నేను నవ్వాను. ఆయన తుమ్మితే న్యుమోనియా అంటాడు. నొప్పి తగ్గగానే విశ్రాంతి తీసుకుంటోంది, తీసుకోనివ్వు అన్నాను. సరే అన్నాడు గానీ గొంతులో నమ్మకం లేదు. ఒకసారి ఆయనకు నీ నోటితో చెప్పు.

గుండీ పెట్టుకోగలుగుతున్నావా. సీసా మూత తిప్పగలుగుతున్నావా. అన్నీ వివరంగా రాయి.

పిచ్చుక


మార్చి 30

పిచ్చుకా,

మిషను బెల్టు తెగింది, అందుకని కప్పాను. కుళాయి సంగతి మీ అన్నయ్యకి ఎందుకు, నీళ్లు నేను పట్టుకుంటున్నాను, ఆయన కాదు.

అంకె రెండుకి వచ్చింది. వాళ్లిచ్చిన నొప్పి మాత్రల అట్ట ఒక్కటి కూడా చింపకుండా తిరిగిచ్చేశాను. నర్సు ఆశ్చర్యపోయింది. అంత మంచి మందైతే ఇవెందుకండీ అన్నాను.

మా మాస్టారమ్మ సంగతి చెప్పాలి. పోయిన మంగళవారం లిఫ్టు పాడైంది. అల్లుడు కుర్చీ మడిచి, ఎత్తుకుందామా అని చూస్తున్నాడు. ఆవిడ "పక్కకి జరుగు" అని రెయిలింగు పట్టుకుని లేచింది. ఇరవై ఆరు మెట్లు పిచ్చుకా, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. పైన అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ నన్ను చూసి "తగ్గిందమ్మాయ్, నిజంగా తగ్గింది" అంది. నేను కన్ను కొట్టాను. మామూలు ఘటం కాదు. నటనంటే అది. మేమందరం కాగితం మీదే, ఆవిడ ఏకంగా మెట్ల మీద.

ఇంకో మూడు సూదులు. వేళ్లు బాగానే ఉన్నాయి. గుండీల సంగతి మీ అన్నయ్యని అడగకు.

మీ వదిన


మే 17

వదినా,

నీకు ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. కాగితాలు విప్పారు. మందు నిలబడలేదు.

రెండు గుంపుల మధ్య రెండు అంకెల తేడా రావాలని ముందే రాసుకున్నాం. ఒకటిన్నర కూడా రాలేదు. వచ్చే నెలాఖరుకు సెక్షను మూసేస్తున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని మార్చిలోనే నాకు నేను చెప్పుకోవాల్సింది.

నిన్న మీసాలాయన పట్టిక నా ముందు పెట్టాడు. పద్నాలుగో నంబరు చూశాను. నీకు పడింది ఉప్పునీళ్లు వదినా. మూడు నెలలూ ఒట్టి ఉప్పునీళ్లు. సిగ్గుపడకు, ఇలా జరుగుతుంది. సూది పడిందంటే తగ్గుతుందని మనసు నమ్ముతుంది, నమ్మితే ఒళ్లు కొంతవరకు వింటుంది. నువ్వు నన్ను నమ్మావు కాబట్టి నీకు మరీ ఎక్కువ తగ్గింది. ఆ మాట తల్చుకుంటే ఒకపక్క ఏడుపు, ఒకపక్క గర్వం.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. మిగతా రెండు ఆసుపత్రుల్లో మందు పడినవాళ్లకి సగటున మూడు తగ్గింది, ఉప్పునీళ్ల వాళ్లకి ఒకటే తగ్గింది. సరిగ్గా రెండు అంకెల తేడా. మీ ఆసుపత్రిలో మాత్రం ఉప్పునీళ్ల వాళ్లు తొమ్మిది మందికీ ఐదు, ఆరు చొప్పున దిగింది. ఒక్కరు కూడా తప్పలేదు. మందు పడినవాళ్లతో సమానం. అదే మమ్మల్ని ముంచింది. అక్కడ ఏమైనా జరిగిందా. నర్సు ఏమైనా చెప్పి రాయించిందా. నీకు గుర్తున్నదంతా రాయి, నాకు చాలా అవసరం.

పిచ్చుక


మే 26

పిచ్చుకా,

ఎలా మొదలెట్టాలో తెలీక నాలుగు కాగితాలు చింపాను. ఆ నర్సుని ఏమీ అనకు. ఆవిడకేం తెలీదు. చేసింది నేను.

నాకు ఒక్కరోజు కూడా తగ్గలేదు. మొదటివారం ఎనిమిది ఉంటే ఎనిమిదే వేశాను. రెండోవారం తొమ్మిది ఉంది. కలం పట్టుకుని కూర్చుంటే నీ ఉత్తరం కళ్లముందు కనిపించింది. అంకెలు దిగితే చాలు, నాకింకేం వద్దు అన్నావు. ఏడు వేశాను. తర్వాత ఆరు, తర్వాత ఐదు. ఆపడం ఎలాగో తెలియలేదు. ఒకసారి దిగాక మళ్లీ ఎక్కిస్తే నీ మందు పాడైందంటారేమో అనుకున్నాను.

మాత్రలు వేసుకుంటే పుస్తకంలో రాయాలి, రాస్తే దొరికిపోతాను. అందుకని వేసుకోలేదు. మూడు నెలలు ఒక్కటి కూడా వేసుకోలేదు. పొద్దున మీ అన్నయ్యకి మూలుగు వినపడకుండా కుళాయి తిప్పి అక్కడ నిలబడేదాన్ని. మిషను బెల్టు తెగలేదు. పాదం తొక్కలేకపోయాను, చెయ్యి గుడ్డని పట్టలేకపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. వంటావిడకి, ఇస్త్రీ ఆవిడకి చెప్పాను. ఒక ఆడపిల్ల చేసిన మందు ఇది, అంకెలు దిగకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది అన్నాను. నువ్వు నా మరదలివని చెప్పలేదు గానీ వాళ్లు పసిగట్టి ఉంటారు. వాళ్లు మిగతావాళ్లకి చెప్పారు. అందరూ మనసున్నవాళ్లే పిచ్చుకా. పాపం ఆ పిల్ల, మనకెలాగూ నొప్పి అలవాటే అన్నారు. ఒక్క మాస్టారమ్మకి మాత్రం చెప్పలేదు, ఆవిడ నోటికి భయపడి. మెట్లెక్కిన రోజున ఆవిడకీ ఎవరో చెప్పేశారులే అనుకున్నాను.

సగం మందికి ఉప్పునీళ్లని నువ్వు రాసింది చదివాను. చదివి ఏమనుకున్నానో తెలుసా. ఉప్పునీళ్ల వాళ్లక్కూడా తగ్గిందంటే మందు ఇంకా గొప్పదనుకుంటారు అనుకున్నాను. తేడా చూస్తారన్న మాట మీదుగా కళ్లు వెళ్లాయి గానీ బుర్రలోకి పోలేదు. మనం బరువు మోస్తే నీకు తేలికవుతుందనుకున్నాను. నీ చిన్నప్పటి నుంచీ అదే పద్ధతి కదా మన ఇంట్లో.

నా నమ్మకం చూసి గర్వపడ్డానని రాశావు. ఆ వాక్యం చదవలేక ఉత్తరం మడిచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమో తెలీదు గానీ, నేను చెప్పడం వల్ల ఏదైనా బాగుపడుతుందంటే రైలెక్కి వచ్చి మీ పెద్దాయన ముందు నిలబడి చెప్తాను. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

వదిన


జూన్ 7

వదినా,

నువ్వు రావక్కర్లేదు. నీ ఉత్తరం పట్టుకుని నేనే మీసాలాయన గదికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివాడు. "ఈవిడ చేరినట్టు నీకెప్పుడు తెలుసు" అని అడిగాడు. ఫిబ్రవరి నాలుగు నుంచి తెలుసన్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ ఆసుపత్రి అంకెలు తీసేసి లెక్క వెయ్యండి, తేడా సరిపోతుంది అని బతిమాలాను. "ఫలితం చూశాక నచ్చని అంకెలు తీసేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారమ్మా. మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. మనవాళ్లే బంధువుల్ని దూర్చి చెడగొట్టారని తెలిశాక, ఈ మందుకు మళ్లీ ఎవరు దారిస్తారు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం మిగిలిన సీసాలు బట్టీలో వేశారు. నూట నలభై. చేసినవాళ్లే సాక్షి సంతకం పెట్టాలని నాచేత పెట్టించారు. గాజు పగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ పొడి మండినట్టు కూడా కనిపించలేదు.

నీకు ఇంకొకటి చెప్పాలి, దాచను. మాస్టారమ్మది తొమ్మిదో నంబరు అని రాశావు. ఆవిడకు పడింది మందు. ఆవిడ నటించలేదు వదినా. ఇరవై ఆరు మెట్లూ నొప్పి లేకే ఎక్కింది. నేను ఆరేళ్లు ఎదురుచూసింది ఆ మనిషి కోసమే. అది నువ్వు కళ్లారా చూశావు, నాకు రాశావు కూడా. నేనూ చదివి నవ్వుకున్నాను. నీ మనసు తెలిసినదాన్ని, నటన అన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. నీకు మందు పడిందన్న సంతోషంలో కళ్లు మూసుకున్నాను.

తప్పు సగం నాది. నిన్ను ఆ రోజే తీయించి ఉంటే మిగతావాళ్లకు నువ్వు చెప్పేదానివే కాదు. ఆ మాట నాకు నేను రోజూ చెప్పుకుంటున్నాను, అయినా నీ మీద కోపం పోవడం లేదు. నువ్వు నన్ను అడగలేదు. నా కోసం నువ్వు ఏం చేసినా ఎప్పుడూ నన్ను అడగలేదు. కొన్నాళ్లు నాకు రాయకు. మాత్రలు వేసుకో.

పిచ్చుక


జూన్ 20

పిచ్చుకా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపుతాను.

నిన్న మాస్టారమ్మ ఇంటికి వెళ్లాను. మీ అన్నయ్య వస్తానన్నాడు, వద్దన్నాను. ఆయనకి అంతా చెప్పేశాను. కుళాయి దగ్గరికి వెళ్లి ఊరికే దాన్ని బిగించి వచ్చాడు.

ఆవిడది రెండంతస్తుల ఇల్లు. మార్చిలో ఆవిడ మంచం మేడ మీదికి ఎక్కించారట, కూతురి గది పక్కకి. ఆరేళ్ల తర్వాత మేడ చూశానని సంబరపడిందట. సూదులు ఆగిపోయాక మూడు వారాలకి మళ్లీ కిందికి దించారు. మెట్ల కింద ఇరుకు గది, పక్కనే బాత్రూము. ఒక కాలికి, ఇంకో కాలికి మధ్య దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉంది. సగానికి సగమైంది.

నన్ను చూడగానే మొహం వెలిగింది. "మళ్లీ ఎప్పుడు మొదలెడతారో తెలిసిందా" అంది. ఆ కబురు చెప్పడానికే వచ్చాననుకుంది. వచ్చే నెల అందామనుకున్నాను పిచ్చుకా. నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ ఒక నెల సంతోషంగా ఉంటుంది కదా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇక రాదండి" అన్నాను. కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే అంతా చెప్పాను. నీ పేరెత్తకుండా చెబుదామనుకున్నాను గానీ కుదరలేదు. నా నంబరు, నా అబద్ధపు అంకెలు, బెంచీ మీద గుసగుసలు, ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆవిడ నోటికి మూడు నెలలు భయపడ్డాను, తిడుతుందని చూశాను.

అంతా అయ్యాక "రెండు పక్కలా తగ్గిస్తే తేడా ఏం మిగులుతుంది. మూడో తరగతి తీసివేత. నన్ను ఒక్కమాట అడగొచ్చు కదా" అంది. మెల్లిగానే అంది. అడగలేదండి అన్నాను.

పైకప్పు వంక చూసింది. తర్వాత "ఆ రోజు మెట్ల మీద తగ్గిందని నీకే మొదట చెప్పాను. నువ్వు కన్ను కొట్టావు. ఎందుకు కొట్టావో అర్థం కాలేదు. సంతోషపడ్డావనుకున్నాను" అంది.

కాళ్లు పట్టుకుందామని వంగితే, "ముట్టుకోకు, నొప్పి" అంది.

నా మొహం చూడ్డం ఇష్టంలేక అటు తిరగబోయింది. తిరగలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. నేను పక్కనే ఉన్నాను, ఒక చెయ్యి వేస్తే సరిపోతుంది. నన్ను అడగలేదు. అల్లుణ్ణి పిలిచింది. అతనొచ్చి భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, ఆవిణ్ణి గోడ వైపు తిప్పి పడుకోబెట్టాడు. అతను దిండు సర్దేదాకా ఉండి వచ్చేశాను.

వదిన